మోటార్లలో కలిసిన మనుషులు

ఎర్రవంకపల్లి జనమంతా ఆ ఉదయం బడి ఆవరణలో కూర్చున్నారు. బెంగుళూరులో బిల్డింగు పనులకు పోయినవాళ్ళను సర్పంచి ఓబులమ్మ ఫోన్లు చేసి, తిట్టి, బతిమాలి ఊరికి రప్పించింది. కొందరు బస్సు దిగి మొహమైనా కడుక్కోకుండా సంచులతోనే వచ్చి కూలబడ్డారు. నాలుగు వందల మంది లేని పంచాయతీలను పక్క పంచాయతీల్లో కలిపేయాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. కలిపేస్తే బడి మూతపడుతుంది. రేషన్ షాపు కోనాపురం పోతుంది. నీళ్ళకూ రోడ్లకూ వచ్చే నిధీ దాని వెనకాలే పోతుంది.

ఈసారి జనాన్ని లెక్కపెట్టే పని ఒక యంత్రానికి అప్పగించారు. దాన్ని తయారుచేసిన కుముదిని అనంతపురంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. ఆమె దగ్గర పనిచేసే ఇంజనీరు జిలానీ ఊరి చుట్టూ ఇనుప కడ్డీలు దిగ్గొట్టించాడు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక సన్నని కదలిక మనిషి ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది. మట్టిలో పాతిన కడ్డీలు దాన్ని పడతాయి. యంత్రం ఒక్కో గుండెనూ విడదీసి లెక్క చెబుతుంది. దానికి వాళ్ళు 'నాడి' అని పేరు పెట్టుకున్నారు. మొదటి పరీక్షకు కుముదిని ఈ ఊరినే ఎంచుకుంది. ఆమె చెల్లెలు హేమలత ఇక్కడ అంగన్‌వాడీ టీచరు. ఆ వంకతో చెల్లెల్ని చూడవచ్చు. పైగా ఆ పిల్లకిప్పుడు అయిదో నెల.

ఓబులమ్మకు యంత్రం మీద నమ్మకం లేదు. బడి పంతులును వెంటేసుకుని వరసల మధ్య తిరిగి తనే తలలు లెక్కపెట్టింది.

"నాలుగు నూర్ల పన్నెండు," అంది గట్టిగా. "ఇంగ నీ మిషన్ను చెప్పమను మేడమ్."

జిలానీ తెర చూశాడు. ఇంకోసారి చూశాడు. "మూడు వందల ఎనభై తొమ్మిది," అన్నాడు మెల్లగా.

"ఏందీ? ఇరవై మూడు మందిని నీ మిషను మింగేసిందా? వాళ్ళు మనుషులు గాదా?"

జనం లేచి నిలబడ్డారు. కుముదిని మొహం ఎర్రబడింది. ఈ లెక్కకు ప్రభుత్వ సలహాదారుగా వచ్చిన చక్రధరరావు మాత్రం కుర్చీలోంచి కదలలేదు. "కంగారు లేదు. రెండు నెలలు గడువిస్తాను. అప్పుడు మళ్ళీ లెక్కపెడదాం," అన్నాడు.

తప్పెక్కడుందో తేల్చుకోవడానికి కుముదిని ఆ మధ్యాహ్నమంతా ఒక్కొక్కరినీ విడిగా కడ్డీలు అమర్చిన చాప మీద కూర్చోబెట్టింది. చాలామందికి తెరమీద 'ఒకటి' వచ్చింది. ఇరవై మూడు మందికి 'సున్నా' వచ్చింది. వాళ్ళందరూ కూర్చున్నారు, మాట్లాడారు, ఇది తేలేదెప్పుడని విసుక్కున్నారు. టైలరు కంబగిరి రొమ్ము చరుచుకుని, "నేను సచ్చిపోయి శానా దినాలైందేమో. మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు సూడు!" అన్నాడు. ఆవరణంతా నవ్వింది.

హేమలత పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. 'ఒకటి' వచ్చింది.

"అమ్మయ్య, నేను లెక్కలో ఉండాను," అని ఆమె కూడా నవ్వింది.

*

కారణం అనంతపురం చేరిన వారంలోనే దొరికింది. యంత్రం ఆ ఇరవై మూడు గుండెలనూ విన్నది. వినీ, మనుషుల కింద రాయకుండా మోటార్ల కింద రాసింది.

ఊరి నేలలో కొట్టుకునేవి గుండెలొక్కటే కాదు. బోరు మోటార్లున్నాయి, పిండిమిల్లు ఉంది, జనరేటర్లున్నాయి. వాటి నుంచి మనిషిని వేరుచేసే గుర్తు కోసం కుముదిని, జిలానీ రెండేళ్ళు తిప్పలు పడ్డారు. చివరికి చిక్కిన గుర్తు చిన్నది. మనిషి గుండె ఎప్పుడూ సమంగా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు ఒక రవ్వ తొందరపడుతుంది, వదిలినప్పుడు ఒక రవ్వ ఆగుతుంది. ఎవరో గుర్తొస్తే తడబడుతుంది. మోటారుకు ఆ తడబాటు లేదు. తడబడేది మనిషి, తడబడనిది మోటారు అని వాళ్ళు యంత్రానికి నేర్పారు.

ఆ ఇరవై మూడు గుండెలు ఒక్క రవ్వ కూడా తడబడలేదు.

సరిదిద్దుకోగల తప్పే కదా అని కుముదినికి ప్రాణం లేచొచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. హేమలత ఊళ్ళో చెప్పింది. సాయంత్రానికల్లా ఆ ఇరవై మూడు మందికీ 'మోటారు గుండెలోళ్ళు' అని పేరు పడిపోయింది.

తర్వాత కంబగిరి చనిపోయాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. రవిక సగం కుట్టి, మిషను మీదికి ఒరిగి అట్లాగే ఉండిపోయాడు. పెద్దవాడులే అనుకున్నారు. ఆపైన అదే వీధిలో ముప్పై ఏళ్ళ మనిషి వేరుశెనగ చేనికి పోతూ గట్టు ఎక్కి కూలబడింది. మళ్ళీ లేవలేదు. ఆమె కూడా ఇరవై మూడు మందిలో మనిషే. మూడో చావుకు ఊళ్ళో నవ్వు ఆగిపోయింది.

కుముదిని ఆ గుండెల కొట్టుడును కాగితం మీద అచ్చువేయించి తనకు తెలిసిన గుండె డాక్టరుకు చూపించింది. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"గుండె సమంగా కొట్టుకుంటే మంచిదే అంటాం. కానీ మరీ ఇంత సమంగానా?" అన్నాడు చివరికి. "గుండెకు మెదడు నుంచి పగ్గాలుంటాయమ్మా. ఎత్తు వస్తే అదిలిస్తాయి, పల్లం వస్తే ఆపుతాయి. ఇవి పగ్గాలు తెగిన ఎద్దులు. చదును నేల ఉన్నంతసేపూ బాగానే నడుస్తాయి."

"ఎత్తు వస్తే?"

ఆయన కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

*

భయం ఊరిని ఇల్లిల్లూ పట్టుకుంది. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు పండగకు కూడా ఆగకుండా తిరిగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మోటారు గుండెలవాళ్ళ అరుగుల మీద కూర్చోవడం మానేశారు. అది అంటుకునే రోగమా కాదా అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒకామె తన మొగుడి పక్కను వాకిట్లో వేసింది.

పాలు పోసే సంజన్న పేరూ ఆ ఇరవై మూడింటిలో ఉంది. అతని పాలు కొనేవాళ్ళు లేకపోయారు. రెండు మూడు రోజులకొకసారి బస్సెక్కి అనంతపురం వచ్చేవాడు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, అడగకుండానే చాప మీద కూర్చునేవాడు.

"మళ్ళా ఒకసారి ఇనమ్మా."

తెరమీద సున్నా.

"పోయినసారి కూడా అట్లనే వచ్చె. ఈసారి గట్టిగా ఊపిరి పీలుస్తాను. పరిగెత్తి వచ్చి కూసుందునా?"

"వద్దు!" అని కుముదిని కేకేసింది. ఆ కేకకు సంజన్న ఉలిక్కిపడ్డాడు. ఆమె కళ్ళు తెరమీదికి పోయాయి. అంత ఉలికిపాటులోనూ అతని గుండె ఒక రవ్వ కూడా కదలలేదు. అదే కొట్టుడు, అదే ఎడం.

సంజన్న ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "నాకిప్పుడు భయమైతాందమ్మా," అన్నాడు. "నా గుండెకు మాత్రం తెల్డంలేదు గదా?"

సంజన్న చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు, ఒక్కో మెట్టు మీద ఆగుతూ, పసిబిడ్డను ఎత్తుకున్నవాడిలా జాగ్రత్తగా.

ఆ వారమే చక్రధరరావు పరిశోధనశాలకు వచ్చాడు. కుముదిని తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి, గడువులోగా సరిచేస్తానంది.

"ఎందుకండీ సరిచేయడం?" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. "ఒక ఊళ్ళో కొన్నేళ్ళకు ఎంతమంది మిగులుతారో తెలియక కట్టిన బళ్ళు, ట్యాంకులు ఎన్ని పాడుబడ్డాయో నేను చూశాను. మీ యంత్రం ఆ లెక్క ఇప్పుడే చెబుతోంది. ఉండబోయేవాళ్ళ మీదే ఖర్చు పెడదాం. జిల్లా మొత్తానికి దీన్ని ఇట్లాగే వాడదామనుకుంటున్నాను."

"వాళ్ళు బతికే ఉన్నారు సార్."

"ఇప్పటికి," అన్నాడు చక్రధరరావు. టీ తాగేసి, కప్పు సాసరులో పెట్టి, బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఆయన కారు మలుపు తిరిగేదాకా కుముదిని కిటికీ దగ్గరే నిలబడింది. జిల్లా అంతా కడ్డీలు దిగితే ఎన్ని ఊళ్ళలో ఎంతమంది సున్నాలవుతారు? వాళ్ళకు డాక్టరు వస్తాడా, లేక ఉన్న డాక్టరును కూడా తీసేస్తారా? జవాబు ఆయన అప్పుడే చెప్పి వెళ్ళాడు.

*

మర్నాడు ఆమె ఎర్రవంకపల్లిలో చాప మీద కూర్చున్న అందరి గుండెలనూ మొదటి నుంచి తీసి చూడటం మొదలుపెట్టింది. 'ఒకటి' వచ్చినవాళ్ళలో కూడా తడబాటు తగ్గుతున్నవాళ్ళు ఉన్నారేమో తెలుసుకోవాలని. ఒక్కొక్కరూ గడిచారు. హేమలత వంతు వచ్చింది.

కుముదిని చెయ్యి ఆగింది. ఆ గుండె నిమిషానికి నూట నలభైకి పైగా కొట్టుకుంటోంది. కూర్చుని నవ్వుతున్న మనిషికి అంత వేగమా?

"జిలానీ, ఒకసారి ఇటు రా."

జిలానీ వచ్చి చూశాడు. వంగి మళ్ళీ చూశాడు. తర్వాత, అదే సమయంలో యంత్రం మోటార్ల కింద ఏం రాసిందో తెరిచాడు. అక్కడ ఇంకొకటి ఉంది. నింపాదిగా, సమంగా, ఒక రవ్వ తేడా లేకుండా కొట్టుకుంటోంది. ఆ రోజు బడి పక్కన మోటారేదీ నడవలేదు.

"మేడమ్," అన్నాడు జిలానీ. "మన మిషను లెక్కపెట్టింది కడుపులో బిడ్డను."

కుముదిని బస్సు కోసం ఆగలేదు. జిలానీ జీపు తోలాడు. దారిపొడుగునా ఆమె బుర్రలో ఒకటే తిరిగింది. ఇరవై మూడు మంది. ఇప్పుడు ఇరవై నాలుగు. వాళ్ళలో బెంగుళూరు నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. అందరూ తూరుపు వీధివాళ్ళు, ఒక్క హేమలత తప్ప. హేమలత ఇల్లు పడమటి వీధిలో ఉంది. కానీ పగలంతా ఆమె ఉండేది తూరుపు వీధి చివర, అంగన్‌వాడీలో.

వాళ్ళు చేరేసరికి హేమలత పిల్లలకు కోడిగుడ్లు ఒలిచిపెడుతోంది. "ఏమక్కా, చెప్పకుండా వచ్చినావు? ఎండలో వచ్చినారు, ఉండు," అని కుళాయి తిప్పి గ్లాసు నింపింది. దాహమేసిందేమో, ముందు తనే ఒక గుక్క తాగబోయింది.

"ఆ నీళ్ళు యాడివి?"

"కొత్త బోరువి. పోయినేడు తూరుపు వీధికి వేసినారు గదా. వెయ్యడుగులు పోయినాక పడినాయి. శానా తియ్యగుంటాయి."

కుముదిని గ్లాసును చేత్తో కొట్టింది. అది గోడకు తగిలి దొర్లింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఒకడు ఏడుపు అందుకున్నాడు.

"అక్కా, ఎందుకట్ల చూస్తాండావు నన్ను?"

కుముదిని చెల్లెల్ని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఎంత చిన్నగా చెప్పాలని చూసినా ఆ మాటకు చిన్న రూపం లేదు. హేమలత గోడకు ఆనుకుని విన్నది. ఒక చెయ్యి రొమ్ముమీద పెట్టుకుంది, అక్కడేమైనా తెలుస్తుందేమోనని. ఆ చెయ్యి మెల్లగా పొట్ట మీదికి జారింది.

"బిడ్డది బాగుండాదా?"

"బాగుంది. బాగా తడబడతాంది."

"అయితే సరే," అంది హేమలత. తర్వాత తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగింది. "అక్కా, నాకు పరిగెత్తల్లనిపిస్తాంది. పరిగెత్తకూడదు గదా? ఏడిస్తే? ఏడవచ్చా?"

కుముదిని ఆమెను గట్టిగా పట్టుకుంది. ఏడవచ్చో లేదో ఆమెకు కూడా తెలియదు.

*

లోతు రాళ్ళలోని ఒక లోహం ఆ నీళ్ళలో కరిగి వస్తోందని పరీక్షలో తేలింది. రంగు లేదు, రుచి లేదు. మెల్లమెల్లగా నరాలను తినేస్తుంది. ఆ నీళ్ళు మానేస్తే నరాలు మళ్ళీ కోలుకోవచ్చన్నాడు గుండె డాక్టరు. కోలుకోకపోవచ్చు కూడా అన్నాడు. ఆయనే రోజు విడిచి రోజు ఎర్రవంకపల్లి పోయి అందరినీ చూడసాగాడు.

కుముదిని ఓబులమ్మ ఇంటికి వెళ్ళి అన్నీ చెప్పింది. పడమటి వీధి బోరు వేసవికే ఎండిపోతోంది. దాన్ని లోతు చేస్తే అవే రాళ్ళు తగులుతాయి. ఊళ్ళో తాగడానికి ఇంకో చుక్క లేదు.

ఓబులమ్మ చేతి గాజులు తిప్పుకుంటూ నేల చూసింది. ఆ బోరు వేయించింది ఆమే. దానికోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో ఊరందరికీ తెలుసు.

"ఊరు ఇడిసి పోవల్లంటావు."

"పైపులైను వచ్చేదాకా. కోనాపురం మార్కెట్ యార్డులో షెడ్లు ఖాళీగా ఉన్నాయంట."

"పైపులైనుకు నిధి గావల్ల. నిధి రావల్లంటే పంచాయతీ ఉండల్ల. పంచాయతీ ఉండల్లంటే నాలుగు నూర్లు ఉండల్ల. జనం ఇడిసి పోతే యాడ నాలుగు నూర్లు?" అని ఆమె తల ఎత్తింది. "నీ మిషను ఈసారి నిజం చెప్తాదా?"

"చెప్తుంది."

"అయితే లెక్క అయినంక పోదాం. ఇంగ రెండు దినాలే గదా, అంతవరకు ట్యాంకరు తెప్పిస్తా, నా గాజులమ్మి."

బోరు మోటారు తీగలను ఓబులమ్మ ఆ సాయంత్రమే తెంపించింది. ఎవరో అడ్డం వచ్చి, నీళ్ళు లేకుంటే ఎట్ల బతకల్లని అరిచారు. ఆమె తిరిగి అరవలేదు. "ఈ నీళ్ళు పోయించింది నేనేరా. నన్ను తర్వాత కొట్టుదురు. ముందు బిందెలు దించండి," అంది.

లెక్కరోజున జనం మళ్ళీ బడి ఆవరణలో కూర్చున్నారు. ఈసారి సామాన్లు మూటగట్టుకుని కూర్చున్నారు. బయట ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. బెంగుళూరు వాళ్ళు మోత పనికి సాయం పడదామని వచ్చారు. ఆ రెండు నెలల్లో తూరుపు వీధిలో ఆరుగురు పోయారు. ఆరోవాడు సంజన్న. పాలడబ్బా ఎత్తుకుంటూ పోయాడు. మిగిలిన మోటారు గుండెలవాళ్ళను ఎవరూ మాట్లాడించడం లేదని చూసి హేమలత వెళ్ళి వాళ్ళ మధ్యలో కూర్చుంది.

కుముదిని యంత్రానికి కొత్తగా నేర్పింది. తడబడని గుండె కూడా గుండే. కడుపులో బిడ్డది మాత్రం లెక్కలోకి రాదు. మోటారును గుర్తుపట్టే వేరే దారి ఆమె, జిలానీ కలిసి కష్టపడి కనిపెట్టారు. ఆవరణలో జనం తెరవైపే చూస్తున్నారు. ఎక్కడో ఒక బిందె పక్కకు ఒరిగి చప్పుడైతే అందరూ ఉలిక్కిపడ్డారు.

"నాలుగు వందల ఆరు," అన్నాడు జిలానీ.

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె లెక్కకూడా అంతే.

చక్రధరరావు కుముదినిని పక్కకు పిలిచాడు. "పాత పద్ధతి నాకు విడిగా కావాలి."

"తుడిచేశాను సార్. ఎవరి గుండె ఎట్లా ఉందో వాళ్ళ డాక్టరుకు మాత్రం ఇచ్చాను."

"మీరొక గొప్ప సాధనాన్ని చేతులారా పాడుచేశారు."

"ఔను సార్."

"మీరు చేయగలిగింది ఇంకొకరూ చేయగలరు," అన్నాడు ఆయన పోతూ పోతూ. అది బెదిరింపులా అనలేదు. నిజం కాబట్టే కుముదినికి అది నెలలతరబడి పీడకలగా మిగిలింది.

మధ్యాహ్నానికి ట్రాక్టర్లు కదిలాయి. రికార్డులో నాలుగు వందల ఆరుగురున్న పంచాయతీలో సాయంత్రానికి ఒక్క పొయ్యీ వెలగలేదు.

*

హేమలతను కుముదిని తన ఇంటికి తెచ్చుకుంది. ఎత్తు ఎక్కనివ్వలేదు, బరువు ఎత్తనివ్వలేదు. టీవీలో భయపెట్టే బొమ్మ వస్తే ఆపేసేది. లారీ తోలే మరిది ఎర్రిస్వామి పని మాని వచ్చి, భార్య పక్కన గొంతెత్తకుండా మాట్లాడటం నేర్చుకున్నాడు. నొప్పులు వస్తే ఆ గుండె తట్టుకుంటుందా అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. డాక్టర్లు నొప్పుల దాకా రానివ్వకుండా ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లి బతికింది.

ఆ తర్వాత కూడా చాలా రోజులు హేమలత చాప మీద కూర్చోలేదు. యార్డు షెడ్లలో ఉన్న తూరుపు వీధివాళ్ళలో కొందరి గుండెలు మళ్ళీ తడబడుతున్నాయని, ఇంకా ఇద్దరు పోయారని కబురు వచ్చింది. పైపులైనుకు గుంతలు తవ్వుతున్నారని ఓబులమ్మ ఫోన్ చేసింది. ఇవన్నీ విని ఒకరోజు హేమలత తనే పరిశోధనశాలకు వచ్చింది.

"పాతది తుడిచేసినావంటివి. నాకోసం ఒకసారి రాసియ్యి. తడబడేదాన్నే లెక్కపెట్టేది. చూసినంక మళ్ళా తుడుచు."

"డాక్టరు దగ్గర కాగితం మీద చూద్దాం లే."

"ఆ గీతలు నాకు చదవనీకి రావక్కా. ఒకటో సున్నానో చూసుకుంటా."

కుముదిని రాసింది. బిడ్డ గుండె అడ్డం రాకుండా ఎర్రిస్వామి పాపను ఎత్తుకుని రోడ్డు అవతలికి పోయాడు. జిలానీ కూడా బయటికి నడిచాడు. కుముదిని తాను కూర్చున్న చోటి కడ్డీల తీగలను తెంపేసింది. ఇప్పుడు ఆ యంత్రం వినేది ఒక్కరినే.

హేమలత కాళ్ళు ముడుచుకుని చాప మీద కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

తెరమీద సున్నా.

కిటికీ అవతల ఆటో ఒకటి పోయింది. రోడ్డు అవతల పాప ఏడ్చింది. ఆ ఏడుపు హేమలతకూ వినపడింది. ఆమె పెదవి కదిలింది, పాలు చేపి రవిక తడిసింది.

ఒకటి.

మళ్ళీ సున్నా. మళ్ళీ ఒకటి. అంకె ఏదో ఒకటి తేల్చుకోలేనట్టు కొట్టుకులాడింది.

"ఏమక్కా మాట్లాడవు? ఉండానా, లేనా?"

కుముదిని తెరనే చూస్తోంది. పాప ఇంకా ఏడుస్తూనే ఉంది.

"ఉండావు," అంది. "నిలకడ లేదు గానీ, ఉండావే."